ఆకాశవాణి పుట్టినిల్లు – మన తెలుగు పాట

“ఆకాశవాణి” యనగానే మనకు ఢిల్లీ జ్ఞప్తికి వచ్చును. కాని యా పేరు ఢిల్లీలో పుట్టినది కాదు. మనము నివసించు ఈ కన్నడసీమలోనే, మైసూరు పట్టణమున, ఒక యుపాధ్యాయుని యింట పుట్టినది. ఈ సంగతి మన పిల్లలలో ఎందరికి తెలియును?

మహారాజా కళాశాలలో మనస్తత్వశాస్త్రమును బోధించుచుండిన ఎం. వి. గోపాలస్వామిగారు 1935 సెప్టెంబరు 10వ తేదీన తమ గృహమగు “విఠల విహార” నుండి రేడియో ప్రసారములు ప్రారంభించిరి. యంత్రపు శక్తి 30 వాట్లు మాత్రమే. పాతకాలమున మన వసారాలో వ్రేలాడిన 60 వాట్ల దీపములో అది సగము! అంతటి చిన్న యంత్రముతో నొక పట్టణమునకు పాటయు మాటయు వినిపింపవచ్చునని తలచుటయే గొప్ప సాహసము. దానికి “ఆకాశవాణి” యను పేరు సూచించినవారు నా. కస్తూరిగారని చెప్పుదురు. కొన్నియేండ్లకు మైసూరు సంస్థానము ఆ కేంద్రమును స్వీకరించెను. 1950లో అది అఖిలభారత రేడియోలో చేరెను. 1955లో బెంగుళూరునకు తరలిపోయెను. ఆ పేరును మాత్రము 1957లో దేశమంతయు స్వీకరించెను. మైసూరున మరల కేంద్రము వెలసినది 1974లో.

ఇక సంగీతము మాట. మైసూరు రాజాస్థానము విద్వాంసులకు నెలవు. ఏడు తంత్రుల వాయులీనముతో పేరుగన్న టి. చౌడయ్యగారు ఆ గడ్డవారే. అట్టిచోట పాటకచేరీ యన్న త్యాగరాజకృతులు లేక సాగునా? అనగా, కన్నడదేశపు గాలిలో నాడు ప్రయాణించిన పాటలో మన తెలుగు మాటయు ప్రయాణించినదన్నమాట.

మైసూరు వాసుదేవాచార్యులవారిని తలపునకు తెచ్చుకొనుడు. ఆయన తన జ్ఞాపకములను కన్నడమున వ్రాసినవారు. ఐనను తిరువయ్యారునకేగి పట్ణం సుబ్రహ్మణ్యయ్యరువారికి శుశ్రూష చేసి, తెలుగున, సంస్కృతమున కృతులు రచించిరి. 1980లో వచ్చిన “శంకరాభరణం” చిత్రము వలన ఇంటింటికి తెలిసిన “బ్రోచేవారెవరురా” ఆయన ఖమాసు కృతియే. దానిని త్యాగరాజస్వామి కృతియని వాదించిన పెద్దమనుష్యులను నేనెరుగుదును, వారందరును తెలుగువారే!

నన్ను బాధించునది యిది. ఇంట తెలుగు మాటాడని గాయకులు ఒక్కొక్క కృతి కొరకు మన భాషను అక్షరమక్షరముగ నేర్చికొనుచున్నారు. ఇంట తెలుగు మాటాడు మనమో, “ఈ బడిలో తెలుగేల? ఉద్యోగమిచ్చునా?” యని ప్రశ్నించుచున్నాము. ఆ ప్రశ్న తప్పని నేననను. ఇక్కడ కన్నడము రానిదే బ్రతుకు సాగదు. ఆంగ్లము రానిదే పైచదువు సాగదు. తలిదండ్రుల భయము అకారణము కాదు. కాని పొరుగువాడు కోరి నేర్చికొను దానిని మనము చేతులార జారవిడుచుట యెంతవరకు న్యాయము? ఒకవేళ బడిలో తెలుగు తరగతి మూతపడెనేని, మన మనుమలు ఆ కృతులను కన్నడలిపిలో వ్రాసికొని, అర్థమునకై యితరులను అడుగవలసివచ్చును.

“పాటకు రాగము చాలదా, అర్థమెందుకు?” అని కొందరు వాదింతురు. చాలదు. భాష యెరుగని గాయకుడు శ్వాసకొరకు మాటను నడుమ విరిచినచో, అర్థము తారుమారగుట మీరును వినియేయుందురు. ఆ తప్పును పట్టగలవాడు తెలుగు చదివిన బాలుడే. అంతటి పని మన పిల్లలు చేయగలరు. ఎవరును వారి నడుగలేదు, అంతే.

కావున నా కోరిక చిన్నది. వారమునకొక గంట బడిలో ఒక కృతిని వినిపింపవలెను. రేడియోలో దొరకినచో సరే, లేనిచో నేడు ఫోనులోనే దొరకును. పిల్లలు విని సాహిత్యమును తెలుగున వ్రాయవలెను. పిదప పుస్తకముతో పోల్చి దిద్దుకొనవలెను. గోపాలస్వామిగారి యంత్రమంత ఖర్చును దీనికి లేదు. మొదటి వారమునకు ఆ ఖమాసు కృతినే యెంచుడని ఉపాధ్యాయులకు మనవి. తలిదండ్రులును వచ్చి వెనుక బల్లపై కూర్చుండి వ్రాయవచ్చును. నేనును కలము తెచ్చుకొందును.