ఊపిరితిత్తికి ఆపరేషన్ - గుండెలో రక్తపు గడ్డ

ప్రశ్న: మావారికి 58 ఏళ్లు. నెల క్రితం ఎడమ ఊపిరితిత్తి పైభాగం తీసేశారు. ఇప్పుడు గుండెలో రక్తం గడ్డకట్టిందని వార్‌ఫరిన్ మాత్రలు ఇచ్చారు. కోసింది ఊపిరితిత్తిని కదా, గుండెలో గడ్డ ఎలా వచ్చింది? మనిషి కులాసాగానే ఉన్నారు. మాత్రలు మానవచ్చునా?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: మానకూడదమ్మా. ఊపిరితిత్తులలో శుభ్రపడిన రక్తాన్ని సిరలు గుండె ఎడమ పై గదికి చేరుస్తాయి. ఊపిరితిత్తి భాగం తీసేటప్పుడు దాని సిరను కోసి మూసివేస్తారు. గుండెవైపు మిగిలిన మొండిలో రక్తం పారక, నిలిచి గడ్డకట్టవచ్చు. ఎడమ పైభాగం తీసినవారిలో ఈ మొండి పొడవుగా మిగులుతుంది కనుక వారిలోనే ఈ చిక్కు ఎక్కువ. ఆపరేషన్ తర్వాత కొందరికి గుండె లయ తప్పుతుంది. అప్పుడు పై గదిలోనే గడ్డ ఏర్పడవచ్చు.

గడ్డ నొప్పి పెట్టదు. కాని ఊడి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అందుకే కులాసాగా ఉన్నా మందు వాడాలి. ఎంతకాలమో పరీక్షలు చూసి డాక్టరుగారే చెబుతారు. ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష సాధారణంగా 2, 3 మధ్య ఉండాలి. తోటకూర, పాలకూర మానక్కరలేదు. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ కాకుండా తినాలి. నొప్పులకు సొంతంగా మాత్రలు కొనవద్దు. చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, విరేచనం నల్లగా అయినా వెంటనే డాక్టరుగారికి చూపించండి.

మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే మెదడు స్కానింగ్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లి, ఆపరేషన్ సంగతీ మాత్రల సంగతీ ముందుగా చెప్పండి.