మంత్రసాని చేతులు

"మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలి" అన్న సామెతను తరగతిలో చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వేవారు. నేనూ నవ్వేవాడిని. 'సాని' స్వామిని శబ్దభవమనీ, దొరసానిలో ఉన్నదీ అదేననీ వ్యుత్పత్తి చెప్పి ముందుకు సాగిపోయేవాడిని. దొరసానిలో గౌరవమైన మాట ఇక్కడికి వచ్చేసరికి ఎందుకు చులకనైందో ఆలోచించిన పాపాన పోలేదు.

మొన్న మాఘమాసంలో పెళ్ళికని నౌపడ వెళ్ళాను. సాయంత్రం ఉప్పుమళ్ళ వైపు నడుస్తుంటే బంధువొకాయన ఒక వాకిట్లో ఆగి, "ఈ ఊళ్ళో మా తరమంతా ఈవిడ చేతుల మీదనే పుట్టింది" అన్నాడు. తొంభైకి దగ్గరగా ఉంటుందావిడ. చూపు మందగించింది. చేతులు మాత్రం ఒడిలో ఊరకే ఉండటం లేదు.

"ఎంతమందికి పురుడు పోసి ఉంటావమ్మా?" అని అడిగాను.

"బతికినోలు ఎదట తిరుగుతారు, ఆలని లెక్కెట్టడమేటి బాబూ? పోయినోల్నే లెక్కెట్టుకున్నాను. పదకొండుమంది."

మిత్రులారా, నేను కాసేపు మాట్లాడలేకపోయాను. 1974లో, నా పన్నెండో ఏట, మా పెద్దక్క రెండో కాన్పులో రక్తస్రావం ఆగక చనిపోయింది. ఆ మంత్రసానిని మా నాన్నగారు మళ్ళీ గుమ్మం తొక్కనివ్వలేదు. మేమందరమూ ఆమెనే హంతకురాలిగా తలచాము.

"రక్తం పోతుంటే ఏం చేసేదానివి?"

"నా సేతులేటి సేస్తాయి బాబూ! టెక్కలి తీసుకెల్లండని మొగోల కాళ్ళట్టుకునేదాన్ని. ఆలు తేల్చుకుని బండి కట్టీసరికి తెల్లారిపోయేది."

మా వాకిట్లో ఆ రాత్రి ఒక ఆడగొంతు "బండి కట్టించండి బాబూ" అని మొరపెట్టుకోవడం నాకు గుర్తుంది. అది ఎవరి గొంతో యాభై ఏళ్ళుగా నాకు తట్టనే లేదు.

పాతకాలం తిరిగి రావాలని నేను కోరను. 2005లో వచ్చిన జననీ సురక్ష యోజన, అదే ఏడు మన రాష్ట్రంలో మొదలైన 108 బండ్లు ఎన్ని ప్రాణాలు నిలిపాయో ఉద్దానం పల్లెలకు వేరే చెప్పనక్కరలేదు. పసికందులను పొట్టనబెట్టుకున్న పురిటి ధనుర్వాతం 2015 నాటికి దేశంలో అదుపులోకి వచ్చింది. కానీ మంత్రసానిని పంపివేస్తూ ఆమెతోపాటు ఓర్పును కూడా పంపివేశామేమో! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు శస్త్రచికిత్సతో జరిగితే మన ఆంధ్రప్రదేశ్‌లో 42.4 జరిగాయి. ప్రైవేటు ఆసుపత్రులలోనైతే 63. ఇన్ని కడుపులు నిజంగా కోయవలసినవేనా? ముహూర్తం చూసి కోయమని అడిగే మన జ్యోతిష పిచ్చికీ ఇందులో వాటా ఉంది, అది వేరే కథ.

నొప్పులు పడుతున్న పిల్ల పక్కన తెల్లవార్లూ కూర్చోవడం, నడుము నిమరడం, తొందరపడకపోవడం: ఇదీ ఆవిడ విద్య. కాన్పు గదిలో తోడుగా ఒక స్త్రీని ఉండనివ్వవచ్చునని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది. అయినా నిరుడు మా కోడలి కాన్పు సమయంలో ఒక ఆసుపత్రిలో నా భార్యను తలుపు బయటే నిలబెట్టారు. లోపల ఆ పిల్ల ఆరుగంటలపాటు ఒంటరిగా ఏడ్చింది. మన అనంతపురం సరిహద్దును ఆనుకున్న పావగడలో వేల కాన్పులు చేసిన సూలగిత్తి నరసమ్మగారికి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. సంతోషమే. మిగిలినవారికి పద్మాలక్కరలేదు, ఆ తలుపు తెరిస్తే చాలు.

లేవబోతుంటే ఆవిడ లోపలినుండి ఒక చిన్న రేకు పెట్టె తెప్పించింది. ఎప్పుడో శిక్షణ ఇచ్చి, బ్లేడూ దారమూ సబ్బూ పెట్టి ప్రభుత్వం వారిచ్చినదట. ఇప్పుడందులో రేషను కార్డు, పింఛను కాగితాలు ఉన్నాయి.

"నీ కోడలికి పాలు బాగా పడ్డాయా బాబూ?" అని అడిగింది. నాకు తెలియదన్నాను.

"ఇంటికెల్లి అడుగు" అంది.