బిడ్డను చూసొచ్చారు, తల్లి బీపీ చూశారా?

అమ్మలకు, అత్తలకు, ఆడపడుచులకు, ముఖ్యంగా ఇంటి మగవాళ్లకు ఒక మాట!

మన ఊళ్లో పురుడొచ్చిన ఇంటికి వచ్చేపోయే జనానికి లెక్కుండదు. బిడ్డది ఎవరి పోలిక, ఎంత బరువు, పాలు తాగుతున్నాడా, కళ్లు పచ్చబడ్డాయా, అన్నీ అడుగుతారు. ఆశా కార్యకర్త వచ్చి బిడ్డను తూకం వేస్తుంది, థర్మామీటరు పెడుతుంది, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో వాచీ చూసి లెక్కపెడుతుంది. పక్కన మంచం మీద కూర్చున్న బాలింతను "బాగున్నావా అమ్మా?" అంటారు. "బాగానే ఉన్నా" అంటుంది. అక్కడితో సరి. ఆమె జబ్బకు బీపీ పట్టీ చుట్టినవాళ్లు మాత్రం కనపడరు.

ఈ కరపత్రం ఆ పట్టీ గురించే.

ప్రభుత్వాసుపత్రిలో మామూలు కాన్పయితే సాధారణంగా 48 గంటలు ఉంచి ఇంటికి పంపుతారు. కాన్పు తర్వాత బీపీ బాగా పెరిగేదేమో మూడో రోజుకూ ఆరో రోజుకూ మధ్య. అంటే ఆసుపత్రి గేటు దాటాక, నర్సమ్మ కళ్లెదుట లేనప్పుడు, మన ఇంట్లో, మన చేతుల్లో ఉన్నప్పుడు! కడుపుతో ఉన్నన్నాళ్లూ బీపీ లేనివాళ్లకు కూడా ఇది రావచ్చు. ఆరు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. "కాన్పయిపోయిందిగా, ఇంకా బీపీ ఏంటి?" అనే మాట ఇక మానేద్దాం.

బీపీతో పాటు గుండె సంగతీ తెలుసుకోవాలి. కడుపుతో ఉన్న మనిషి ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది. గుండె నిమిషానికి పదీ ఇరవై సార్లు ఎక్కువగా కొట్టుకుంటుంది. ఏడో నెల దాటేసరికి ఈ బరువు నిండుగా మీద పడుతుంది. కాన్పయి మాయ పడగానే గర్భసంచిలో తిరిగే రక్తం ఒక్కసారిగా గుండెకు మళ్లుతుంది. గట్టి గుండె తట్టుకుంటుంది. రక్తం తక్కువున్న మనిషి గుండె అదే పనిని రెట్టింపు కష్టంతో చేస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలోనూ తెలంగాణలోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతే. హిమోగ్లోబిన్ 7 కంటే దిగితే గుండె చేతులెత్తేసే ప్రమాదం ఉంది. ఐరన్ మాత్ర వేసుకుంటే విరోచనం నల్లగా అవుతుందని, వికారమని చెత్తబుట్టలో పడేసే ఇళ్లు మనకు తెలియనివి కావు. రాత్రి అన్నం తిన్న కాసేపటికి వేసుకోమనండి. టీతోనూ పాలతోనూ వద్దు, కాల్షియం మాత్రతో కలిపి అసలే వద్దు.

ఇప్పుడు అసలు సంగతి. బాలింతకు తలనొప్పి వస్తే మనం ఏం చేస్తాం? చలిగాలి సోకిందని చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి పడుకోబెడతాం. డొక్కల కింద నొప్పి అంటే గ్యాస్ అని సోడా తాగిస్తాం. కళ్లు మసకలు, మెరుపులు అంటే నిద్ర చాల్లేదంటాం. ముఖం ఉబ్బితే ఒళ్లు చేసిందని సంబరపడతాం! తగ్గని తలనొప్పి, కళ్ల మసక, కడుపు పైభాగంలో నొప్పి, ముఖానికీ చేతులకూ నీరు రావడం, నిన్నటి గాజులు ఇవాళ పట్టకపోవడం — ఇవన్నీ బీపీ పంపే కబుర్లు. ఆ కబురు అందుకోకపోతే తర్వాత వచ్చేది మూర్ఛ. పెద్దవాళ్లు గుర్రపువాతం అనేది దీన్నే. కొన్ని ఇళ్లలో ఇప్పటికీ గాలి సోకిందని భూతవైద్యుడి కోసం మనిషిని పంపుతారు. దీనికి మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షను ఉంది. అది పడాల్సింది గంటల్లో, తాయెత్తు కట్టించుకొచ్చిన తర్వాత కాదు.

ఇంకో జబ్బుంది. తొమ్మిదో నెల నుంచి కాన్పయిన అయిదు నెలల దాకా ఎప్పుడైనా, అంతవరకు శుభ్రంగా ఉన్న గుండె కండరం నీరసించిపోతుంది. డాక్టర్లు పెరిపార్టమ్ కార్డియోమయోపతి అంటారు. పేరు నోరు తిరగకపోయినా పర్వాలేదు, అడగాల్సిన ప్రశ్న నోటికి వస్తే చాలు: "వెల్లకిలా పడుకోగలుగుతున్నావా అమ్మా?" పడుకుంటే ఆయాసం వచ్చి, లేచి కూర్చుంటే తగ్గుతోందంటే, అర్ధరాత్రి ఊపిరాడక మెలకువ వస్తోందంటే, దిండు మీద దిండు వేసుకుంటోందంటే, దగ్గు వదలట్లేదంటే అది బాలింత నీరసం కాదు. ఆ రోజే గుండెకు ఎకో పరీక్ష చేసే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక ఎవరూ బయటికి చెప్పని సంగతి. చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం, ఆ తర్వాత ఒక్కో కీలూ వాచి, చివరికి గుండె కవాటం దెబ్బతిన్న ఆడపిల్లలు మన మధ్య ఇంకా ఉన్నారు. 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షను చేయించుకున్న పిల్లలు. సంబంధం తప్పిపోతుందని పెళ్లిలో అది దాచేస్తారు. అత్తింట్లో ఇంజెక్షను ఆగిపోతుంది. కడుపు పండేదాకా ఏమీ తెలియదు, ఏడో నెలలో ఆయాసంతో బయటపడుతుంది. ఇలాంటి పిల్ల అత్తగారి ఎదుట నోరు విప్పదు. అందుకే ఇంటికి వచ్చే ఏఎన్ఎమ్మకూ ఆశాకూ మా విన్నపం: ఆ అమ్మాయితో ఒక్క పది నిమిషాలు విడిగా మాట్లాడండి. అత్తగార్లూ, ఆ పది నిమిషాలు మీరు టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లండి.

పుట్టింటి సంగతి కూడా చెప్పుకోవాలి. సీమంతం చేసి పిల్లను తీసుకెళ్తారు. సారె సర్దుతారు, స్వీట్లు సర్దుతారు, తల్లీబిడ్డల రక్షణ కార్డు మాత్రం అత్తింటి బీరువాలో ఉండిపోతుంది. అక్కడి ఆశాకు ఈమె ఎవరో తెలియదు. ఇక్కడి ఆశా గుమ్మానికి వస్తే ఈమె లేదు. ఏడు నెలలు రాసిన బీపీ అంకెలు ఎవరికీ అక్కరకు రావు. సారె కంటే ముందు ఆ కార్డు సంచిలో పెట్టండి. పుట్టింటికి చేరిన వారంలోపే అక్కడి ఏఎన్ఎమ్ దగ్గర పేరు రాయించండి. ప్రతి నెలా తొమ్మిదో తారీఖున పీహెచ్‌సీలో గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉంటుంది. అది పుట్టింటి వైపు పీహెచ్‌సీలోనూ ఉంటుంది.

ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డ కోసం 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా ఇంటికి రావాలి. 2011 నుంచి ఉన్న పద్ధతి ఇది. ఇన్ని రాకలకూ కలిపి ఆమెకు దక్కే ప్రోత్సాహకం 250 రూపాయలు. ఆ డబ్బుకు ఇంకో పని నెత్తిన పెడుతున్నామని మాకు తెలుసు, సిగ్గుగానూ ఉంది. అందుకే మా డిమాండు ఆశాను కాదు, పైవాళ్లను: ఆమె చేతిసంచిలో తూకంతో పాటు బీపీ మిషనూ ఉండాలి, వాడటం నేర్పాలి, దానికి డబ్బు వేరే ఇవ్వాలి. అంతవరకు మూడో రోజు రాకకూ ఏడో రోజు రాకకూ విలేజ్ క్లినిక్ నుంచి ఏఎన్ఎమ్ బీపీ మిషనుతో తోడు రావాలి. వచ్చే గ్రామసభలో ఈ తీర్మానం పెట్టిద్దాం, మగవాళ్లే మాట్లాడి లేచిపోయే సభ కానివ్వకుండా మనమూ వెళ్దాం.

సర్కారు కదిలేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. జబ్బకు చుట్టే డిజిటల్ మిషను రెండు వేల రూపాయలకు అటూ ఇటుగా దొరుకుతుంది. మణికట్టుకు పెట్టేది వద్దు. ఒక్కో డ్వాక్రా గ్రామ సంఘం ఒకటి కొని, చదువుకున్న అమ్మాయికి అప్పగిస్తే ఊరి గర్భిణులూ బాలింతలూ అందరికీ సరిపోతుంది. చూసే పద్ధతి ఏఎన్ఎమ్మను అడిగి నేర్చుకోండి. అయిదు నిమిషాలు గోడకో కుర్చీకో వీపు ఆనించి కూర్చోబెట్టాలి. బిగుతు జాకెట్టు చేతిని పైకి మడిచి దాని కింద చుట్టకూడదు, చెయ్యి వదులు చేయాలి. చెయ్యి గుండె ఎత్తున ఉండాలి. చూస్తున్నంతసేపూ ఎవరూ ఆమెను మాట్లాడించకూడదు — మన ఇళ్లలో కష్టమైన నిబంధన ఇదొక్కటే! పై అంకె 140 గానీ కింది అంకె 90 గానీ చేరితే కాసేపాగి మళ్లీ చూసి, తగ్గకపోతే ఆ రోజే డాక్టరు దగ్గరికి. 160 గానీ 110 గానీ చేరితే నొప్పి ఉన్నా లేకున్నా వెంటనే 108.

డాక్టరు బీపీ మాత్ర రాస్తే పాలు ఇస్తోందని ఆపించకండి. నిఫెడిపిన్, లాబెటలాల్ లాంటివి పాలిచ్చే తల్లులకు ఇచ్చేవే. ఆయాసం, వాపు ఉన్న బాలింతకు నీళ్లు ఎంత, ఉప్పు ఎంత అన్నది డాక్టరు చెప్పాలి, చూడ్డానికొచ్చిన చుట్టాలు కాదు.

కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చి తగ్గిన ఆడవాళ్లకు ముందుముందు గుండెజబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే దాదాపు రెట్టింపు. బీపీ, షుగరు పరీక్షల జాతీయ కార్యక్రమం ప్రధానంగా 30 ఏళ్లు దాటినవాళ్లది. 22 ఏళ్లకే కాన్పులో బీపీ వచ్చిన పిల్లను ఎనిమిదేళ్ల పాటు ఎవరు గుర్తుపెట్టుకుంటారు? బిడ్డ పుట్టినరోజు వచ్చే నెలలో ఏటా ఒకసారి తల్లికి బీపీ, షుగరు చూపించండి. భర్తలూ, ఇది మీ పని. కేకు తెచ్చేది ఎలాగూ మీరే కదా.

108కు ఫోన్ చేస్తే "ఒంట్లో బాగాలేదు" అని ఊరుకోకండి. "కాన్పయి ఇన్ని రోజులు, బీపీ ఇంత, ఆయాసం" అనో, "మూర్ఛ వచ్చింది" అనో విడమరిచి చెప్పండి. ఆయాసం ఉంటే పడుకోబెట్టవద్దు, వీపు ఎత్తుగా ఆనించి కూర్చోబెట్టండి. మూర్ఛ వస్తే ఎడమ పక్కకు తిప్పండి, నోట్లో ఏమీ పెట్టకండి. కార్డు చేతిలో పెట్టుకుని బయల్దేరండి, బిడ్డనూ వెంట తీసుకెళ్లండి.

ఇట్లు,
మీ డ్వాక్రా అక్కచెల్లెళ్లు

(చదివి పడేయకండి. నెల తప్పిన అమ్మాయి ఉన్న ఇంటికి ఇచ్చి రండి.)