టీవీ పెట్టారు సరే, పిల్ల పేరు ఎక్కిందా?



చిన్న తరగతుల్లో టెక్నాలజీ అనగానే అందరూ గోడకున్న స్మార్ట్ టీవీ గురించే మాట్లాడతారు. నాడు-నేడు పనుల్లో ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు, పై తరగతులకు పెద్ద ప్యానెళ్లు వచ్చాయి. మంచిదే. కానీ నాగాయలంక, కోడూరు వైపు పీతల వేట మీద బతికే యానాది ఇంటి పిల్లకైనా, గుడివాడ పక్కన నందివాడ చేపల చెరువు గట్టు మీద కాపలా గుడిసెలో పెరిగే పిల్లకైనా బడిలో మొదట ఎదురయ్యే టెక్నాలజీ ఆ టీవీ కాదు. టీచరమ్మ ఫోన్లో ఉన్న యాప్. ఆ యాప్ అడిగే పన్నెండు అంకెల ఆధార్.

ఆ తర్వాత ఏం జరుగుతుందో మన ఇళ్లల్లో తెలియంది కాదు. కాన్పు గుడిసెలోనే అయిపోతే పుట్టిన సర్టిఫికెట్ ఉండదు. అది లేకపోతే ఆధార్ కష్టం. ఆధార్ లేకపోతే పిల్ల రోజూ వచ్చి బెంచీ మీద కూర్చున్నా ఆన్‌లైన్‌లో కూర్చోదు. ఆన్‌లైన్‌లో లేని పిల్లకి అపార్ నంబరు రాదు, వాళ్లమ్మకి తల్లికి వందనం పడదు. ఇంకోటి కూడా ఉంది, దీన్ని మనం తక్కువగా మాట్లాడతాం. ఏ బడికి ఎంతమంది టీచర్లని ఇవ్వాలో లెక్క వేసేది కూడా ఆ ఆన్‌లైన్ పేర్లతోనే. అంటే ఎక్కని ప్రతి పేరూ ఆ పిల్లకే కాదు, ఆ బడి మొత్తానికీ నష్టం.

పైగా సరిగ్గా ఒకటో తరగతి వయసులోనే ఇంకో మెలిక ఉంది. ఐదేళ్లలోపు పిల్లలకి వేలిముద్రలు లేకుండానే ఆధార్ ఇస్తారు. ఐదేళ్లు నిండాక వేలిముద్రలు, కంటిపాప, ఫోటో ఇచ్చి అప్‌డేట్ చేయించాలి. చేయించాలంటే కేంద్రానికి పోవాలి. అంటే ఆ రోజు తల్లీతండ్రీ పని మానుకోవాలి. పోయాక సర్వర్ లేదంటే మళ్లీ ఇంకో రోజు. రోజు కూలీ మీద బతికేవాళ్లకి "రేపు రండి" అన్న మాట ఎంత ఖరీదో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకి తెలీదు.

చట్టం ఏం చెబుతోంది? 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదని ఏ పిల్లనీ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. 2018 సెప్టెంబర్ 26న ఆధార్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదు, ఆధార్ లేదన్న కారణంతో ఏ పిల్లకీ ఏ పథకమూ ఆపకూడదు. ఈ రెండూ ఫోన్లో దాచుకోండి. "యాప్ తీసుకోవట్లేదమ్మా" అని ఎవరైనా అన్నప్పుడు, యాప్ పెద్దదా సుప్రీంకోర్టు పెద్దదా అని మర్యాదగానే అడగండి.

హాజరీ, వేలిముద్ర అనే మాటలు మన తాతలకి కొత్త కాదు. తెల్లవాళ్లు తెచ్చిన నేరస్త జాతుల చట్టం ఎరుకలను, యానాదులను పుట్టుకతోనే దొంగలుగా చూసింది. 1911 నాటి చట్టం వాళ్ల వేలిముద్రలు తీసుకునే అధికారం ఇచ్చింది. పోలీసుల ముందు హాజరీ వేయించుకోవడమే ఒక బతుకైపోయింది. ఆ మచ్చ చెరిపేయడానికి వెన్నెలకంటి రాఘవయ్య గారిలాంటి వాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడారు. 1952లో ఆ చట్టం దేశమంతటా పోయింది. బడి హాజరీ, పోలీసు హాజరీ ఒకటేనని నేను అనట్లేదు. కానీ ఆరేళ్ల పిల్ల ముఖాన్ని, వేళ్లని మెషీన్‌కి అప్పగించమని అడిగేటప్పుడు, అది ఎందుకో, ఎక్కడ దాస్తారో మన అమ్మలకి అర్థమయ్యే మాటల్లో చెప్పి సంతకం తీసుకోవాలి. అపార్‌కి తల్లిదండ్రుల సమ్మతి కావాలని కేంద్రమే చెప్పింది. కాగితం ముందు పెట్టి "ఇక్కడ వేలెయ్" అంటే అది సమ్మతి కాదు.

ఇక టీవీ సంగతి. టీవీకి మనం వ్యతిరేకం కాదు. బొమ్మలంటే పిల్లలకి ఇష్టం, మనకీ ఇష్టమే. అయితే ఒక్క టీచరే ఉన్న బడి ఎలా నడుస్తుందో ఒకసారి పోయి చూడండి. అన్ని తరగతులూ ఒకే గదిలో. పెద్ద పిల్లలకి లెక్కలు చెప్పాలి కాబట్టి చిన్నవాళ్లకి టీవీ పెడతారు. పాట వస్తుంది, బొమ్మలు ఎగురుతాయి, పిల్లలు చప్పట్లు కొడతారు. తనిఖీకి వచ్చిన సారుకి క్లాసు బ్రహ్మాండంగా ఉన్నట్టే కనిపిస్తుంది. "క"కి తలకట్టు ఎక్కడ పెట్టాలో టీవీ చూపిస్తుంది. పలక మీద పిల్ల ఎక్కడ పెట్టిందో మాత్రం చూడదు. బలపం పట్టుకున్న వేళ్లని పట్టుకుని దిద్దించదు. చెరువు పట్టుబడికి అమ్మానాన్నలతో పోయి వారం తర్వాత వచ్చిన పిల్ల ఏ అక్షరం దగ్గర ఆగిపోయిందో దానికి తెలీదు. అది తన పాఠం తాను చెప్పుకుంటూ పోతుంది.

అరవై మంది లోపు పిల్లలున్న బడికి కూడా ఇద్దరు టీచర్లు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఇద్దరున్న చోట టీవీ పనిముట్టు. ఒక్కరే ఉన్న చోట టీవీయే రెండో టీచర్ అయిపోతోంది. మన అభ్యంతరం అక్కడే. ఉన్న ఆ ఒక్క టీచర్ టైమునీ ఫోన్లే తినేస్తున్నాయి. ఒక దశలో మధ్యాహ్న భోజనం ఫోటోలు, మరుగుదొడ్ల ఫోటోలు కూడా టీచర్ల చేతే అప్‌లోడ్ చేయించారు. మరుగుదొడ్డి ఫోటో సరిగ్గా వచ్చిందా లేదా చూసుకునే మనిషి పిల్ల పలక ఎప్పుడు చూడాలి?

మెషీన్ వస్తుంది, పోతుంది. ఇది కొత్త కథేం కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సైట్ అనే ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 ఊళ్లకి ఉపగ్రహం నుంచి టీవీ పాఠాలు వచ్చాయి. అందులో మన రాష్ట్రమూ ఉంది. పొద్దున పూట బడి పిల్లల కార్యక్రమాలే. ఉపగ్రహం నాసా అప్పిచ్చింది, గడువైపోయాక వెనక్కి తీసేసుకుంది. మన కళ్ల ముందే 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకి బైజూస్ పాఠాలతో ట్యాబ్‌లు పంచారు. 2024 జులైకి ఆ కంపెనీయే దివాలా విచారణలో ఉంది. ఇక కరెంటు సంగతి దివిసీమ వాళ్లకి చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలినప్పుడు లంకల్లో ఇళ్లే మునిగాయి. అలాంటి చోట పలకా బలపం, తెలిసిన మనిషి, ఇవే మిగులుతాయి.

మరి టీవీని ఏం చేద్దాం? మన పిల్లల నోటి మాటలు అందులో వేద్దాం. ఏజెన్సీలో కోయ, సవర, కువి లాంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకి పాఠాలు మొదలై ఇరవై ఏళ్లు దాటింది. కృష్ణా జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు, మనం ఆ లెక్కలోకి రాం. ఎరుకల వాళ్లకి సొంత భాష ఉంది, దాన్ని ఇక్కడి బళ్లో అడిగేవాళ్లే లేరు. యానాదులకైతే "మీది తెలుగేగా" అంటారు. తెలుగే. కానీ ఇంట్లో పిల్ల వినే తెలుగు వేరు, టీవీలో అక్కయ్య మాట్లాడే తెలుగు వేరు, మధ్యలో ఇంగ్లీషు ఒకటి. కొర్రమేను, మట్టగిడస, జెల్ల, బొమ్మిడాయి అంటూ చూడగానే పేర్లు చెప్పే పిల్ల, తెర మీద ఆపిల్ పేరు చెప్పలేకపోతే వెనకబడిన పిల్ల అని రాసేస్తున్నారు.

ఇది మన చేతుల్లో ఉన్న పని. మన కాలనీల్లో డిగ్రీ చదివిన పిల్లలు ఇప్పుడు కొద్దిమందైనా ఉన్నారు, అందరి దగ్గరా ఫోన్ ఉంది. అవ్వ దగ్గర కూర్చుని ఎలుకల బుట్ట ఎలా అల్లుతారో, ఆటులో పీత ఎప్పుడు దొరుకుతుందో, ఏ ఆకు దేనికి వాడతారో ఐదు నిమిషాలు రికార్డు చేయండి. పెన్‌డ్రైవ్‌లో వేసి టీచరమ్మకి ఇవ్వండి. ఆ స్మార్ట్ టీవీలో మన అవ్వ కనిపిస్తే, ఆ రోజు చెప్పడానికి మన పిల్ల దగ్గర మాటలుంటాయి, మిగతా పిల్లలు వింటారు. ఒకప్పుడు రేడియోలో "విందాం నేర్చుకుందాం" వచ్చేది. పక్కన టీచర్ నిలబడి ఆడిస్తే పిల్లలు ఎగిరేవాళ్లు. ఖరీదైన సామానేం కాదు అది.

ప్రభుత్వాన్ని అడగాల్సింది వేరే. ఆధార్ యంత్రం మన కాలనీకి రావాలి, పిల్లలు మండల కేంద్రానికి తిరగడం కాదు. ఆధార్ లేని పిల్ల పేరు ఎక్కించుకునే వీలు యాప్‌లోనే ఉండాలి. ఒకటి రెండు తరగతులకి విడిగా టీచర్ ఉండాలి, టీవీ ఉందని ఆ పోస్టు తగ్గించకూడదు.

మాటలు చాలు, పని ఇది. మీ కాలనీలో ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలెవరెవరో, ఎవరికి పుట్టిన సర్టిఫికెట్ లేదో, ఎవరికి ఆధార్ లేదో, ఎవరు బడికి పోతున్నా పేరు ఎక్కలేదో ఒక నోటుబుక్కులో రాయండి. పక్కన తల్లి పేరు, బడి పేరు రాయండి. గుడివాడ వైపు వాళ్లు ఆర్డీవో ఆఫీసులో, దివిసీమ వాళ్లు తహసీల్దారు దగ్గర అర్జీ పెట్టండి. కదలకపోతే సోమవారం మచిలీపట్నం కలెక్టరేట్‌కి కలిసి పోదాం. పిల్లల ఆధార్ నంబర్లు, ఫోటోలు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. అర్జీ ఇచ్చాక రసీదు అడిగి తీసుకోండి, దాన్ని నోటుబుక్కులోనే అంటించండి.