రెక్కల కష్టం

విమానం నడిపేవాడు కార్మికుడేమిటని కొందరు మిత్రులు నవ్వుతున్నారు. టోపీనీ కోటునీ చూసి వర్గ నిర్ణయం చేసే అలవాటు మన అధ్యాపకులలోనూ పోలేదు.

అమెరికాలో చిన్న ఊళ్లకు నడిచే విమానాల సంగతి చూడండి. విమానం మీద పేరు పెద్ద కంపెనీది. టిక్కెట్లు అమ్మేదీ అదే. పైలట్‌కు జీతమిచ్చేది మాత్రం దాని చాటున ఉన్న ప్రాంతీయ కంపెనీ. ఇది మేస్త్రీ పద్ధతి కాక మరేమిటి? ఒకే నల్లబల్ల ముందు రెండు రకాల జీతాలతో పాఠాలు చెబుతున్న మనకు ఇది అర్థం కాకపోవడమే వింత.

డెల్టా అనుబంధ సంస్థ కోమెయిర్‌లో పైలట్లు 2001లో 89 రోజులు సమ్మె చేశారు. 2012లో ఖర్చులు ఎక్కువన్న పేరుతో డెల్టా ఆ సంస్థనే మూసివేసింది.

2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కాల్గన్ విమానం కూలి 50 మంది మరణించారు. టిక్కెట్లు అమ్మింది కాంటినెంటల్ పేరుతో. కెప్టెన్ తప్పిదమే కారణమని దర్యాప్తు తేల్చింది. కాదనను. కాని కోపైలట్ సియాటిల్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి డ్యూటీకి వచ్చిందనీ ఆ దర్యాప్తే చెప్పింది. పనిచేసే ఊళ్లో కాపురం పెట్టడానికి ఆ జీతం చాలుతుందా అన్న ప్రశ్న విచారణలోనే వచ్చింది.

తరువాత, 2013 నుంచి, కోపైలట్లకూ సాధారణంగా 1,500 గంటల అనుభవం కావాలన్నారు. యజమానులు వెంటనే పైలట్ల కరవని గగ్గోలు పెట్టి, నేరం ఆ నిబంధన మీదికి నెట్టారు. 2022లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అనుబంధ కంపెనీలు కొత్త కోపైలట్లకు గంటకు 90 డాలర్లు ఇవ్వజూపాయి; అందులోనూ కొంత గడువు పెట్టిన తాత్కాలిక భత్యమే. నిబంధన మారలేదు. మరి ఆ డబ్బు అంతవరకూ ఎవరి జేబులో ఉన్నట్టు?