ఉన్నత విద్యామండలి చైర్మన్ గారికి ఒక విన్నపం



ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్న విద్యార్థి నాలుగో ఏడాది సిద్ధాంత వ్యాసం రాసి పరిశోధనతో కూడిన ఆనర్స్ డిగ్రీ పొందవచ్చని యూజీసీ 2022 డిసెంబరులో చెప్పింది. వ్యాసానికి 12 క్రెడిట్లు. మా చిట్టమూరు వైపు పిల్లలకు మార్కులు కష్టం కాదు, గైడే దొరకాలి.

ఆ వ్యాసం నాడీశాస్త్రంలో రాస్తామనగానే ఖరీదైన స్కానింగ్ యంత్రాలు కావాలంటారు. నేనొప్పుకోను. పాత నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి వైపు తాగునీటి ఫ్లోరైడ్ జబ్బు గురించి 1937లో వైద్య పరిశోధకుడు షార్ట్ బృందం రాసింది. ఎముక పెరిగి వెన్నుపామును నొక్కితే కాళ్లు బిగుసుకుపోతాయి, నడక పోతుంది. ఆ నాడీ సమస్యల మీదే తర్వాత హైదరాబాదు న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి గారు ఏళ్ల తరబడి పనిచేశారు. ఊరి బోరునీటి పరీక్ష, పెద్దవాళ్ల నడక వేగం, చేతిపట్టు బలం: జువాలజీ విద్యార్థి వ్యాసానికి ఇంతకంటే ఏం కావాలి? (డిగ్రీ మీద న్యూరోసైన్స్ అని ఉండాలా ఏమిటి!)

అయితే మనుషుల మీద అధ్యయనానికి నైతిక కమిటీ అనుమతి తప్పదు. డిగ్రీ కాలేజీ ఒక్కటే ఆ పని చేయలేదు. అందుకే నెల్లూరు ప్రభుత్వ వైద్య కళాశాల అధ్యాపకులొకరు, డిగ్రీ అధ్యాపకులొకరు కలిసి గైడ్ చేసే వీలు కల్పించండి. అయిదో సెమిస్టర్‌లోనే గైడ్‌ను కేటాయించండి. నాలుగో ఏడాది దాకా ఆగితే సగం కాలం సంతకాలకే సరిపోతుంది.

ఇట్లు,
చిట్టమూరు మండలం నుంచి ఒక విద్యార్థి తండ్రి