గోస్తనికి ఒక్క భవిష్యత్తేనా?

విశాఖ మహానగర ప్రాంతానికి 2041 దాకా వర్తించే బృహత్ ప్రణాళిక 2021లో ఆమోదం పొందింది. తయారీలో ఎన్ని తర్జనభర్జనలు జరిగినా, రంగులు వేసిన పటంలో చివరికి మిగిలేది ఒకే భవిష్యత్తు. ఇక్కడ ఇళ్లు, అక్కడ పరిశ్రమలు, ఆ పక్కన రోడ్డు. వానలు ముఖం చాటేస్తేనో, 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను లాంటిది మళ్లీ విరుచుకుపడితేనో ఈ రంగులు ఏమవుతాయో పటం చెప్పదు.

పద్మనాభం మండలం సంగతే చూడండి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని నది బొర్రా గుహల గుండా దిగి, తాటిపూడి జలాశయాన్ని నింపి, ఈ మండలాన్ని తడిపి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు నగరమూ తాగుతోంది. 2020లో ఇళ్ల స్థలాల కోసం భూసమీకరణకు ఎంచుకున్న మండలాల్లో పద్మనాభం ఒకటి. ఒకవైపు భోగాపురం విమానాశ్రయం, మరోవైపు ఆనందపురం మండలం తర్లువాడలో డేటా సెంటర్. వీటి నడుమ చెరువులు, గెడ్డలు, అనంత పద్మనాభుని కొండ ఎలా మిగలాలన్నది ఎవరు ఆలోచించాలి?

ప్రపంచం ఈ ప్రశ్నకు ఒక పద్ధతి కనిపెట్టింది. జీవవైవిధ్యంపై ప్రభుత్వాలకు శాస్త్రీయ సలహాలిచ్చే అంతర్జాతీయ వేదిక ఐపీబీఈఎస్ 2016లో దీనిమీదే ఒక నివేదిక వెలువరించింది. జోస్యం చెప్పడం కాదిది. ఇప్పటి పోకడే సాగితే ఒక చిత్రం, కరువొస్తే ఇంకొకటి, చెరువుల్ని బాగుచేసి సాగును నిలబెడితే మరొకటి గీసుకుని, ఏ నిర్ణయం ఎక్కువ చిత్రాల్లో తట్టుకుని నిలుస్తుందో చూడడం. ముందు గమ్యం పెట్టుకుని వెనక్కి లెక్క వేసుకునే దారీ ఉంది: 2041లో గోస్తని వేసవిలోనూ పారాలంటే ఈ ఏడాది ఏ అనుమతి ఆపాలి?

ఇవన్నీ ఊహలని అధికారులు కొట్టిపారేయవచ్చు. రాబోయే ఇరవై ఏళ్ల జనాభా లెక్క మాత్రం ఊహ కాదా! స్థిరాస్తి వ్యాపారికి పనికొచ్చే ఊహకు ప్రణాళిక అని పేరు, పక్షికీ చేపకూ పనికొచ్చేదానికి కాలయాపన అని పేరు.

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, దాని చేతిలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మొక్క, చేప, పిట్ట, వాటి గురించి ఊరి పెద్దలకు తెలిసిన సంగతులు అందులోకెక్కాలి. కానీ అది ఇవాళ్టి జాబితా. రేపటి గురించి ఊరివాళ్లను అడిగే పని దానికి జోడించాలి. ఏ గెడ్డ ఏ ఏడు పొంగిందో, ఏ చెరువుకు వలస పక్షులు రావడం మానేశాయో పద్మనాభం రైతుకు తెలుసు. నది ముఖద్వారంలో ఏ చేప తగ్గిందో భీమిలి మత్స్యకారుడికి తెలుసు. నమూనాలు కట్టే శాస్త్రవేత్తలు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉన్నారు. నది మూడు జిల్లాలు దాటుతుంది గనుక ఒక్క అభివృద్ధి సంస్థకు వదిలేస్తే లాభం లేదు. రాష్ట్ర జీవవైవిధ్య మండలి ముందుండి గోస్తని పరీవాహకానికంతటికీ ఈ భవిష్యత్ చిత్రాలు గీయించాలి.

అవి తేలిక తెలుగులో గ్రామసభల ముందుకు రావాలి, అక్కడి అభ్యంతరాలు రాతపూర్వకంగా నమోదు కావాలి. అప్పటిదాకా పద్మనాభంలో గోస్తని ఒడ్డున, కొండవాలున భూ వినియోగ మార్పిడికి ఒక్క అనుమతీ ఇవ్వకూడదు.